మాంద్యంలో ప్రయాణికులు తగ్గితే విమానాశ్రయం రుసుము ఎందుకు పెరిగింది? 2008-09 నాటి శంషాబాద్ గురించి రెండు సందేహాలు

ప్రశ్న అడిగినవారు: అర్థశాస్త్ర విద్యార్థి

సభ్యులందరికీ నమస్కారం. 2008-09 ఆర్థిక మాంద్యం మన విమానాశ్రయాల మీద చూపిన ప్రభావం గురించి ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఒక వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణగా శంషాబాద్‌ను ఎంచుకున్నాను. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ 2008 మార్చి 23న శంషాబాద్‌కు మారాయి. ఆ తర్వాత ఆరు నెలలైనా నిండకముందే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, 2009 జనవరి 7న మన ఊళ్లోనే సత్యం కుంభకోణం బయటపడింది. ఒక విమానాశ్రయం ఇంతకన్నా చెడ్డ ముహూర్తంలో గృహప్రవేశం చేసి ఉండదనిపిస్తుంది.

బేగంపేట చివరి సంవత్సరమైన 2007-08లో సుమారు 70 లక్షలున్న ప్రయాణికుల సంఖ్య, శంషాబాద్ తొలి ఏడాదిలో సుమారు 62 లక్షలకు తగ్గింది. కోటీ ఇరవై లక్షల మందికి సరిపోయేలా కట్టిన టెర్మినల్‌ను అందులో దాదాపు సగం మందే వాడుకున్నారు. నాకు అర్థం కానిది ఇక్కడే ఉంది. గిరాకీ పడిపోతే బట్టల దుకాణమైనా, హోటలైనా ధర తగ్గిస్తుంది. శంషాబాద్‌లో మాత్రం 2008 ఆగస్టులో, అంటే విమానాలు సగం సీట్లు నిండక ఎగురుతున్నాయని పత్రికలన్నీ రాస్తున్న రోజుల్లోనే, దేశీయ ప్రయాణికుల మీద 375 రూపాయల యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు (విమానాశ్రయం పెట్టిన ఖర్చు కోసం ప్రయాణికుల నుంచి వసూలు చేసే రుసుము) మొదలైంది. విదేశాలకు వెళ్లేవారి మీద అప్పటికే 1,000 రూపాయలు ఉంది. 2010 నవంబరు నాటికి ఆ రెండూ 430, 1,700 రూపాయలయ్యాయి. గిరాకీ తగ్గినప్పుడు ధర పెరగడాన్ని గుత్తాధిపత్యం అని ఒక్క మాటలో తేల్చేయవచ్చా, లేక లోపల వేరే లెక్క ఏదైనా ఉందా?

రెండో సందేహం ఏమిటంటే, ఆ ఎనిమిది లక్షల తగ్గుదలకు మాంద్యమే కారణమని రాయడం సబబేనా? మా గైడు గారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీశారు.

—

జవాబు: లెక్కల పద్దు

విద్యార్థి గారికి, మీ గైడు గారు గీత గీసింది సరైన చోటే. అయితే ముందు మొదటి సందేహం చూద్దాం. నేను మౌలిక వసతుల ప్రాజెక్టుల ఖాతాల్లో చాలాకాలం పనిచేశాను కనుక ఆ కోణం నుంచే చెబుతాను.

బట్టల దుకాణానికి గిరాకీ లేకపోతే సరుకు తెప్పించడం ఆపుతుంది. విమానాశ్రయానికి ఆపడానికి సరుకంటూ లేదు. దాని ఖర్చులో అధికభాగం ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి కాక, ఎన్ని గంటలు తెరిచి ఉంచారు, ఎంత అప్పు తెచ్చి కట్టారు అన్నవాటిని బట్టి ఉంటుంది. 4,260 మీటర్ల రన్‌వే మీద రోజుకు వంద విమానాలు దిగినా, అరవై దిగినా దీపాలన్నీ వెలగాల్సిందే, టైర్ల నుంచి అంటుకున్న రబ్బరును గీకి తీయాల్సిందే, పక్షులను తోలే మనుషులు ఉండాల్సిందే. అగ్నిమాపక దళం స్థాయిని నిర్ణయించేది అక్కడికి వచ్చే విమానాల పొడవూ వెడల్పూ తప్ప, అందులో కూర్చున్నవారి సంఖ్య కాదు. రన్‌వే మీద ఏ మూలకైనా మూడు నిమిషాల్లోపు ఫైరింజన్ చేరాలన్న నిబంధనకు మాంద్యమని మినహాయింపు ఉండదు.

వీటన్నిటికీ తోడు వడ్డీ ఉంది. మొదట 2,478 కోట్ల రూపాయలు అనుకున్న నిర్మాణ వ్యయం చివరకు 2,920 కోట్లకు చేరింది. అందులో పెద్ద భాగం బ్యాంకుల అప్పు. టెర్మినల్ కడుతున్నంత కాలం ఆ వడ్డీని ఆస్తి విలువలో కలిపి చూపిస్తారు. తలుపులు తెరిచిన రోజు నుంచి అది లాభనష్టాల ఖాతాలోకి వచ్చి కూర్చుంటుంది, తరుగుదల కూడా ఆనాటి నుంచే మొదలవుతుంది. అంటే శంషాబాద్ విషయంలో కొత్త ఖర్చులు మొదలైన సంవత్సరమూ, ప్రయాణికులు తగ్గిన సంవత్సరమూ ఒకటే అయ్యాయి.

ఇప్పుడొక ఊహా లెక్క వేద్దాం. ఏటా 100 కోట్ల స్థిర వ్యయం ఉందనుకోండి, దాన్ని కోటి మంది పంచుకుంటే తలకు 100 రూపాయలు పడుతుంది. 80 లక్షల మందే వస్తే అదే ఖర్చు తలకు 125 అవుతుంది. పెట్టిన ఖర్చును రాబట్టుకునే హక్కు ఒప్పందంలో ఉన్నప్పుడు, మనుషులు తగ్గినకొద్దీ తలసరి రుసుము పెరగడమే ఆ పద్ధతికి సహజం. మీరు గమనించవలసిన ఇంకో సంగతి ఏమిటంటే, ప్రయాణికుల గణాంకాల్లో వచ్చేవారినీ వెళ్లేవారినీ కలిపి లెక్కిస్తారు గానీ ఈ ఫీజు కట్టింది వెళ్లేవారే. కాబట్టి 62 లక్షల్లో దాదాపు సగం మంది మీదే ఈ భారమంతా పడింది.

గుత్తాధిపత్యం మాటకొస్తే, అది లేదని నేను అనను. 150 కిలోమీటర్ల పరిధిలో పోటీ విమానాశ్రయం ఉండకూడదన్న నిబంధన కింద బేగంపేటను మూసిన తర్వాత హైదరాబాదీకి వేరే దారి లేదు. పైగా ఆ ఆగస్టులో రుసుములను తూచి నిర్ణయించే స్వతంత్ర నియంత్రణ సంస్థ కూడా లేదు. విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ ప్రాధికార సంస్థ, అంటే ఏరా, 2009లో గానీ ఏర్పడలేదు. అంతవరకూ పౌర విమానయాన శాఖే తాత్కాలిక ప్రాతిపదికన అనుమతులు ఇచ్చింది. రుసుము పెంచడానికి కారణం నిజమైనదే, కానీ అది ఎంత ఉండాలన్నదాన్ని గట్టిగా నిలదీసేవారు అప్పట్లో లేరు. మీ వ్యాసంలో ఈ రెండు వాక్యాలనూ విడదీయకుండా రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

—

జవాబు: పాత ర్యాంప్ ఉద్యోగి

పైన పద్దు గారు చెప్పిన లెక్క సరైనదే. ఆ లెక్క కింద నేల మీద ఎలా ఉండేదో నేను చెబుతాను. శంషాబాద్ తెరిచిన నాటి నుంచి మూడేళ్లు ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థలో సామాన్లు ఎక్కించి దించే బృందానికి సూపర్‌వైజరుగా పనిచేశాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు.

విమానయాన సంస్థలు ఏడాదికి రెండుసార్లు షెడ్యూలు మారుస్తాయి. అక్టోబరు చివరి ఆదివారం నుంచి శీతాకాలపు షెడ్యూలు మొదలవుతుంది. 2008లో ఆ కాగితం చేతికొచ్చినప్పుడు మధ్యాహ్నపు గడులు చాలావరకు ఖాళీగా కనిపించాయి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా విమానాలు దాదాపు ఎప్పటిలాగే ఉండేవి, ఎందుకంటే పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ఉద్యోగరీత్యా ప్రయాణాలు ఆ వేళల్లోనే సాగుతాయి. కోత పడిందంతా మధ్యలోనే. పన్నెండు ఏరోబ్రిడ్జిలుంటే (టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా చాచే నడకదారులు) మధ్యాహ్నం ఒంటిగంట వేళ మూడో నాలుగో పనిలో ఉండేవి, మిగతావి ముడుచుకున్న చేతుల్లా గోడకు ఆనుకొని ఉండేవి. బయట ట్రాలీలు ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టిన వరుస పార్కింగ్ దాకా కదలకుండా ఉండేది.

మాంద్యంలో పని తీరు మారడమంటే ఏమిటో ఈ మధ్యాహ్నాల్లోనే తెలిసింది. రద్దీ వేళకు ఎంతమంది కావాలో అంతమందినీ పెట్టుకోక తప్పదు, నడుమ ఐదారు గంటలు వాళ్లకు పని ఉండదు. అందుకని మా సంస్థ విరామపు షిఫ్టు అని ఒకటి తెచ్చింది. అంటే ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు పని, నడిమి గంటలకు జీతం లేదు. బేగంపేటలో అయితే ఆ వేళకు ఇంటికి వెళ్లి అన్నం తిని రావచ్చు. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్ వెళ్లి రావడానికే మూడు గంటలు పట్టేది కాబట్టి కుర్రాళ్లు సరుకుల గిడ్డంగి పక్క నీడలో పడుకునేవారు. ఆ చలికాలంలో మా బృందం ఇరవై ఆరు మంది నుంచి పదిహేడుకు తగ్గింది. ఎవరినీ తొలగించినట్లు కాగితం ఇవ్వలేదు, కాంట్రాక్టు గడువు ముగిసినవారిని మళ్లీ పిలవలేదు, అంతే. జెట్ ఎయిర్‌వేస్ ఆ అక్టోబరులో పెద్ద సంఖ్యలో ఉద్యోగులను తొలగిస్తున్నట్లు చెప్పి, గొడవ కాగానే వెనక్కి తీసుకున్న సంగతి దేశమంతా చూసింది. కాంట్రాక్టు లోడర్ల కోసం అలా కెమెరాలు రావు కదా.

ఇంకో మార్పు విమానాల పరిమాణంలో వచ్చింది. 180 సీట్ల విమానం తిప్పిన చోట కొన్ని రూట్లలో ఏటీఆర్ అనే చిన్న విమానం తిప్పడం మొదలుపెట్టారు. దానికి ఏరోబ్రిడ్జి అక్కర్లేదు, వెనుక తలుపే మెట్లుగా విచ్చుకుంటుంది. మేం చేయవలసిందల్లా జనం దిగేలోపు తోక కిందకు ఊతకర్ర లాంటి స్టాండును తోయడమే, అది పెట్టకపోతే వెనక బరువు పెరిగి ముక్కు పైకి లేస్తుంది. పని తేలికే, కానీ విమానాశ్రయానికి అందులో రాబడి ఎంతో పద్దు గారే చెప్పాలి.

—

జవాబు: లెక్కల పద్దు

ర్యాంప్ మిత్రులు మంచి సంగతి గుర్తుచేశారు. ల్యాండింగ్ చార్జీని విమానం బరువును బట్టి వసూలు చేస్తారు, లోపల సీట్లు నిండాయా లేదా అన్నది అందులో చూడరు. అయితే మన దేశంలో 80 సీట్లకు లోపు విమానాలు నడిపే దేశీయ సంస్థలకు ఆ చార్జీ నుంచి మినహాయింపు ఉండేది. చిన్న ఊళ్లకు విమానాలు నడవాలన్న సదుద్దేశంతో పెట్టిన మినహాయింపు అది. మాంద్యంలో సంస్థలు పెద్ద విమానాన్ని తీసి ఏటీఆర్ పెట్టినప్పుడు, రాకపోకల పట్టికలో విమానాల సంఖ్య పెద్దగా తగ్గినట్లు కనబడదు గానీ విమానాశ్రయం పద్దులో ఆ గడి సున్నా అవుతుంది. విద్యార్థి గారూ, విమానాల రాకపోకల సంఖ్య ఒక్కటే చూసి పరిస్థితి ఫరవాలేదని రాయకండి.

—

జవాబు: బేగంపేట పక్షం

క్షమించాలి, మీరందరూ మాంద్యం మీద మరీ ఎక్కువ నింద మోపుతున్నారు. నేను ఆ రోజుల్లో నెలకు రెండుసార్లు చెన్నై వెళ్లేవాణ్ని. అమీర్‌పేట నుంచి బేగంపేటకు ఆటోలో పది నిమిషాలు పట్టేది. శంషాబాద్ తెరిచిన నాటికి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే లేదు, 11.6 కిలోమీటర్ల ఆ వంతెన 2009 అక్టోబరులో గానీ పూర్తి కాలేదు. గచ్చిబౌలి వైపు నుంచి ఔటర్ రింగు రోడ్డు ముక్క కూడా 2008 నవంబరు దాకా రాలేదు. మెహదీపట్నం, ఆరాంఘర్ మీదుగా వెళ్తూ లారీల వెనుక ఇరుక్కుని నేను రెండుసార్లు విమానం అందుకోలేకపోయాను. టాక్సీకి ఐదారు వందలు, ఆపైన 375 రూపాయల ఫీజు. నలభై ఐదు నిమిషాల విజయవాడ ప్రయాణానికి మూడు గంటల ముందు ఇంట్లోంచి బయలుదేరాలంటే ఎవరైనా రైలో, రాత్రి బస్సో ఎక్కుతారు. 2008 మార్చిలో విమానాశ్రయాల ఉద్యోగులు బేగంపేట మూతకు వ్యతిరేకంగా సమ్మె చేసినప్పుడు ఈ మాటే చెప్పారు. మీరు చెబుతున్న ఎనిమిది లక్షల మంది మాంద్యం వల్ల కాదు, దూరం వల్ల పోయారు.

—

జవాబు: లెక్కల పద్దు

మీ అనుభవాన్ని కాదనను, ఆ ఆరాంఘర్ రోడ్డు నాకూ గుర్తుంది. కానీ దూరం ఎంత, మాంద్యం ఎంత అని విడదీయడానికి ఒక దారి ఉంది. అదే కాలంలో చోటు మారని విమానాశ్రయాలతో పోల్చి చూడాలి.

2007-08తో పోలిస్తే 2008-09లో ఢిల్లీ ప్రయాణికులు సుమారు 5 శాతం, చెన్నై సుమారు 8 శాతం, ముంబై సుమారు 9 శాతం తగ్గారు. ఈ మూడు చోట్లా విమానాశ్రయం ఊరు విడిచి పోలేదు. హైదరాబాద్ సుమారు 11 శాతం తగ్గింది. 2008 మేలో దేవనహళ్లికి మారిన బెంగళూరు కోటికి పైనుంచి 90 లక్షల లోపుకు, అంటే సుమారు 13 శాతం పడిపోయింది. అంటే దూరంగా తరలిన రెండు విమానాశ్రయాలూ మిగతావాటికన్నా కొంత ఎక్కువ నష్టపోయిన మాట నిజమే. హైదరాబాద్ విషయంలో దూరమూ కొత్త రుసుమూ కలిసి చేసిన నష్టం, ఆ మూడు నగరాల సగటు కన్నా ఎక్కువగా పడిన మూడు నాలుగు శాతంలో ఉండాలి, మిగతాది దేశమంతటికీ పట్టిన జబ్బు. సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువగా ఆధారపడిన నగరాలు కాబట్టి ఆ తేడాలోనూ కొంత మాంద్యానిదే అని ఎవరైనా వాదించవచ్చు, ఆ వాదనను నేను తోసిపుచ్చలేను.

ఇక ఆ జబ్బు కూడా ఒక్కటి కాదు. మీ గైడు గారు ఎర్ర గీత గీయడానికి బహుశా ఇదే కారణం. దేశీయ ప్రయాణికుల తగ్గుదల లేమన్ కూలకముందే, 2008 వేసవి చివరలోనే మొదలైంది. జులైలో ముడి చమురు పీపా 147 డాలర్లకు చేరింది. ఆగస్టులో ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు 71 వేల రూపాయలు దాటింది. విమానయాన సంస్థలు సర్‌చార్జీ పెంచుకుంటూ పోయాయి, నష్టం వస్తున్న సర్వీసులను తీసేశాయి. అంతకుముందు రైలు టికెట్టుతో పోటీపడే ధరలకు జనాన్ని తొలిసారి విమానం ఎక్కించిన ఎయిర్ దక్కన్ కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయి, ఆ చవక సీట్లు కరిగిపోయాయి. అంటే ముందు తగ్గింది సీట్లు, మనుషులు కాదు. అక్టోబరు తర్వాత చమురు ధర దిగివచ్చింది, కేంద్రం ఇంధనం మీద 5 శాతం కస్టమ్స్ సుంకాన్ని ఎత్తేసింది, సీట్లు మళ్లీ పెట్టడానికి వీలు చిక్కింది. సరిగ్గా అప్పుడే కంపెనీలు ఉద్యోగుల ప్రయాణాలు బిగించాయి, ముంబై మీద నవంబరు 26న దాడి జరిగింది, ఆపైన సత్యం. అప్పుడు మనుషులు తగ్గారు. మొదటి సగాన్ని ఇంధనం ఖాతాలోనూ, రెండో సగాన్ని మాంద్యం ఖాతాలోనూ రాయడం న్యాయం.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శంషాబాద్ కోసం ఇంధనం మీద అమ్మకం పన్నును 33 శాతం నుంచి 4 శాతానికి తగ్గించింది. ఆ తగ్గింపు లేకపోతే మన తగ్గుదల బెంగళూరును మించిపోయేదని నా అంచనా. అంచనా మాత్రమే, లెక్క వేసి చూపలేను.

—

జవాబు: ఆర్మూరు వాసి

పెద్ద లెక్కల మధ్య చిన్న మాట. పైన మీరు చెప్పుకున్న తగ్గుదల ఎక్కువగా దేశీయ ప్రయాణికులదే. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల ప్రయాణం షేర్ మార్కెట్టును చూసి ఆగదు. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి, వీసా చేతికొచ్చాక వెళ్లకుండా ఉండలేరు. మా చిన్నాన్న 2009లో దుబాయ్ వెళ్లినప్పుడు, టికెట్టులో కలిసివచ్చిన ఆ 1,000 రూపాయల ఫీజు మా ఇంట్లో పొలంలో నాలుగైదు రోజులు మనుషులను పెట్టుకునే కూలి డబ్బుతో సమానం. అదే రుసుము వ్యాపారం పని మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే పెద్దమనిషికీ ఉంది. వెళ్లక తప్పని మనిషి దగ్గర రుసుము రాబట్టడం తేలిక, మానుకోగలిగినవాడు మానుకున్నాడు. విద్యార్థి గారి గుత్తాధిపత్యం ప్రశ్నకు జవాబు నాకు అక్కడ కనబడుతుంది.

చిన్నాన్న ఏడాది తిరగకుండానే నిర్మాణం పనులు ఆగి వెనక్కి వచ్చాడు. వచ్చేటప్పుడు ఫీజు లేదు.

—

జవాబు: అర్థశాస్త్ర విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. తగ్గుదలను రెండు దశలుగా విడదీసి, చెన్నై, ముంబైలతో పోలిక పెట్టి ఆ అధ్యాయాన్ని మళ్లీ రాస్తాను. ఆర్మూరు వాసి గారు చెప్పిన సంగతి మా పాఠ్యపుస్తకంలో గిరాకీ వ్యాకోచత్వం (ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్నది) అన్న పేరుతో పది పేజీలుంది, కానీ నాకు ఇప్పుడే అర్థమైంది.

ఒక్క సందేహం మిగిలింది. 2009-10లో ప్రయాణికులు సుమారు 65 లక్షలకు, 2010-11లో సుమారు 76 లక్షలకు పెరిగారు. అంటే బేగంపేట నాటి సంఖ్యను దాటేశారు. తలసరి భారం తగ్గవలసిన ఆ సమయంలో, 2010 నవంబరులో రుసుము ఎందుకు పెరిగినట్లు?

—

జవాబు: లెక్కల పద్దు

మొదట పెట్టిన 375, 1,000 రూపాయలు తాత్కాలికమైనవి. 2010 నాటి సవరణలో పెరిగిన నిర్మాణ వ్యయాన్నీ, తొలి రెండేళ్లలో రాని రాబడినీ కూడా లెక్కలోకి తెచ్చుకున్నారు. మాంద్యం నాటి లోటు మాంద్యం పోయాక వచ్చిన ప్రయాణికుడి టికెట్టులో తేలిందన్నమాట. తర్వాత ఏరా పూర్తిస్థాయిలో లెక్క తీసింది. దుకాణాలు, పార్కింగ్, ప్రకటనల మీద వచ్చే ఆదాయాన్ని కూడా కలిపి చూసి 2014 ఏప్రిల్ నుంచి శంషాబాద్‌లో ఆ ఫీజును పూర్తిగా సున్నా చేసింది. యాజమాన్యం హైకోర్టుకు వెళ్లింది, మరుసటి సంవత్సరం చివరికల్లా ఫీజు తిరిగి వచ్చింది. మీ వ్యాసం పరిధి 2010 దగ్గర ఆగితే ఇదంతా అధోజ్ఞాపికలో సరిపోతుంది.

—

జవాబు: పాత ర్యాంప్ ఉద్యోగి

ఆ 76 లక్షల ఏడాదిలో మా బృందాన్ని మళ్లీ ఇరవై నాలుగుకు పెంచారు. పాతవాళ్లలో ఐదుగురు మాత్రమే తిరిగొచ్చారు. విరామపు షిఫ్టు మాత్రం నేను మానేసేదాకా ఉంది.